సంచుల టీచరు గది

సంచుల టీచరు మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజున నేను తలుపు సగమే తీశాను. బడి నుంచి మనిషి వచ్చిందంటే పిల్ల ఏదో చేసి ఉంటుందనే మాకు భయం. ఆవిడ చెప్పులు గుమ్మం బయట విడిచి, భుజం మీంచి జారుతున్న గుడ్డసంచులు పైకి లాక్కుని, "పుస్తకం ఏదమ్మా?" అంది.

"ఏ పుస్తకమండీ?"

"శుక్రవారం మీ అమ్మాయి సంచిలో పెట్టి పంపాను. ఇంటి పుస్తకం."

హమ్మయ్య అనుకుని స్టూలు వేసుకున్నాను. బీరువా పైన మంచి గ్లాసుల పెట్టె పక్కన పెట్టాను దాన్ని, ప్లాస్టిక్ కవరులో చుట్టి, రబ్బరుబ్యాండు వేసి. మరక పడలేదు, మడత పడలేదు. గర్వంగా దించి ఇచ్చాను. ఆవిడ కవరు విప్పింది, పుస్తకం తెరిచింది, మూసింది.

"మీ ఇంటికి ఒక చుట్టాన్ని పంపాను తల్లీ. మంచినీళ్ళయినా ఇవ్వకుండా అటకెక్కించావు."

లోపలి గదిలో మంచం మీద ఉన్న మా అత్తయ్య పకపకా నవ్వింది. అత్తయ్య నవ్వడం నేను కాపురానికి వచ్చాక అదే రెండోసారో మూడోసారో.

ఆ వారం మా ఒక్క ఇంట్లోనే కాదు, నలభై మూడు ఇళ్ళల్లో నలభై మూడు పుస్తకాలు అటకల మీద, బీరువాల్లో, పరుపుల కింద భద్రంగా ఉన్నాయట. మా వీధి కుట్టుమిషనావిడ అయితే కొత్త బట్టలతో పాటు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసిందట. బడి సొమ్ము, చినిగితే ఏమంటారో అని. ఆవిడ ఇంటింటికీ తిరిగి అన్నిటినీ కిందికి దింపించింది. "నలపండమ్మా, నలపండి. అన్నం తింటూ చదవండి. పోపు వేస్తూ చదవండి. మరక అంటని పుస్తకం నాకు వెనక్కి ఇవ్వద్దు" అని మరీ మరీ చెప్పింది. ఆ మాట మేమందరం ఎంత బాగా విన్నామో, చివరికి ఎంత బాగా మరిచిపోయామో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆవిడ పాఠాలు చెప్పే టీచరు కాదు. ఆవిడ తండ్రి పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పనివాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి తండ్రి పక్కన కూర్చుని సూదీ దారం పట్టింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "చూడ్డానికి వచ్చినవాళ్ళెవరికీ జిగురు వాసన పడలేదు" అనేది. తండ్రి పోయాక అన్నావదినల ఇంట్లో ఉంటూ, బడిలో పరీక్ష కాగితాలు కుట్టే పనికి కుదిరింది. మెట్ల కింద గదిలో ఆటసామాను వెనక రెండు చెక్కపెట్టెల నిండా పుస్తకాలు పడి ఉండటం అప్పుడే చూసింది. హెడ్మాస్టారి వెంటపడి గది తాళం సంపాదించింది. అలా ఆ గదికి లైబ్రరీ అని పేరు వచ్చింది. గది పేరున ఒక తాత్కాలిక పోస్టు వచ్చింది. ఆ పోస్టు ఏటేటా పై ఆఫీసు కాగితం మీద నడిచేది. కాగితం వచ్చేదాకా ప్రతి ఏడూ ఆవిడకి తిండి సయించేది కాదని వాళ్ళ వదిన నాతో చెప్పింది.

గది ఎంతని! మెట్ల వాలు ఎలా దిగితే పైకప్పూ అలాగే దిగేది. లోపలి వైపు పెద్దవాళ్ళు వంగి నడవాలి. పిల్లలకి మాత్రం సరిగ్గా సరిపోయేది. పైన ఎవరైనా మెట్లు దిగితే దడదడమని చప్పుడు. రెండు ఇనుప ర్యాకులు, ఒక చాప, ఒక కిటికీ. కిటికీ గట్టు మీద జిగురు డబ్బా, సూదులు గుచ్చిన గుడ్డ ఉండ, అరిగిపోయిన కత్తెర. ఆవిడ కూర్చునేది మూతలేని చెక్కపెట్టె బోర్లించి.

ఆ లైబ్రరీకి కొన్ని పద్ధతులు ఉండేవి, అన్నీ ఆవిడ సొంతం. శుక్రవారం సాయంత్రం ప్రతి పిల్లకీ ఒక గుడ్డసంచి. అందులో పిల్లకి ఒక పుస్తకం, ఇంటికి ఒక పుస్తకం, ఒక నోటుబుక్కు. ఇంట్లో ఎవరు చదివినా, ఎవరు విన్నా, ఆ నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయాలి. రాయడం రానివాళ్ళు బొమ్మ గీయొచ్చు, వేలిముద్ర వేయొచ్చు. కథలో నీతి ఏమిటని ఎవరినీ అడగకూడదు. "నీతి అడిగితే అది పరీక్ష పేపరు అయిపోతుంది" అనేది.

ఇంకొక పద్ధతి అన్నిటికన్నా ముఖ్యం. ఏ పుస్తకం ఎవరు తీసుకున్నారో రాసే రిజిస్టరు ఆ గదిలో లేదు. ప్రతి పుస్తకం చివరి పేజీకి ఒక చీటీ అంటించి ఉండేది. తీసుకునే పిల్లే తన చేత్తో ఆ చీటీ మీద పేరూ తేదీ రాసుకోవాలి. ఒకటో తరగతి పిల్లలు అక్షరం అక్షరం తంటాలుపడి రాసేవాళ్ళు. ఒక పిల్ల పేరు చీటీలో సగమంతా ఉండేది. హెడ్మాస్టారు ఎన్నోసార్లు చెప్పారు, "రిజిస్టరు పెట్టండమ్మా, రేపు ఎవరైనా అడిగితే ఏం చూపిస్తాం?" అని. ఆవిడ వినలేదు. "నన్ను ఎవరెవరు చదివారని పుస్తకమే చెప్పుకోవాలి సార్. మధ్యలో నేనెందుకు?" అంది. అందులో మొండితనం కూడా ఉంది. ఆవిడ మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ మాట దాచలేను.

మా ఇంటి సంగతి చెబితే మిగతా ఇళ్ళూ అర్థమవుతాయి. మావారు పైపులు బిగించే పని చేస్తారు. బడి వదిలాక చదివినవి మీటరు అంకెలూ బస్సు బోర్డులూ అంతే. నాకు అయిదో తరగతి. అత్తయ్యకి అదీ లేదు. రెండో తరగతిలో ఉన్న మా పాప చదువుతుంటే మేం ముగ్గురం వినేవాళ్ళం. ఒక మేక ఉత్తరాల సంచి మొత్తం తినేసిన కథ ఒకటి ఉండేది. అత్తయ్య దాన్ని ఒప్పుకోలేదు.

"ఉత్తరాలు తింటుందేం, దానికి గడ్డి లేదా?"

"నానమ్మా, కథ."

"కథయితే మాత్రం? ఆ మేక గలవాళ్ళు ఏం చేస్తున్నారు? కట్టేసుకోవద్దూ?"

"అమ్మా, నువ్వు ఊరుకోవే. తర్వాత ఏమైందో చదవనీ దాన్ని" అని మావారు కసిరేవారు. ఒళ్ళంతా పైపుల తుప్పుతో, స్నానానికి కూడా లేవకుండా. ఆ వారం నోటుబుక్కులో ఆయన రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "మా అమ్మ మేకతో పోట్లాడింది. మేకే గెలిచింది." సోమవారం సంచుల టీచరు అది చదివి, గదిలో పిల్లలందరికీ వినిపించిందట. ఆ సాయంత్రం ఆయన కాలరు ఎగరేసుకుంటూ ఇంటికి వచ్చారు. రాసిన వాక్యానికి ఒకరు నవ్వడం ఆయన జీవితంలో అదే మొదలు.

పుస్తకాలు నలిగాయి. ఆవిడ కోరినట్టే నలిగాయి. టీ మరకలు, నూనె వేళ్ళు, మా మేక పుస్తకం మీద తుప్పు ముద్ర. అట్ట ఊడితే ఆవిడ కుట్టేది, చిరిగితే అతికేది. పిల్లలు పుస్తకాన్ని పేరుతో అడిగేవాళ్ళు కాదు. "మూల కొరికిన పుస్తకం ఇవ్వండి టీచర్", "టీ ఒలికిన పుస్తకం ఇవ్వండి" అనేవాళ్ళు. ఆవిడ తడుముకోకుండా తీసిచ్చేది.

పాప నాలుగో తరగతిలో ఉండగా పోయింది. తొమ్మిది రోజుల జ్వరం. ఆ తొమ్మిది రోజుల గురించి నేను రాయను.

గుడ్డసంచి మేకుకి వేలాడుతూనే ఉంది. వెనక్కి ఇవ్వాలని తెలుసు, చెయ్యి వెళ్ళలేదు. ఆవిడ వచ్చింది. సంచి వైపు చూసింది, అడగలేదు. అత్తయ్య మంచం పక్కన గంటసేపు కూర్చుని వెళ్ళిపోయింది. తర్వాతి శుక్రవారం మళ్ళీ వచ్చింది. ఆ పై శుక్రవారమూ వచ్చింది. అయిదో వారమో ఆరో వారమో అత్తయ్య గోడ వైపు తిరిగి పడుకునే, "ఏదైనా చదవమ్మా, చెవులు హోరెత్తిపోతున్నాయి" అంది. ఆవిడ తన సంచిలోంచి పుస్తకం తీసి చదివింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. ఏం కథో గుర్తులేదు. ఆవిడ గొంతు మాత్రం అక్షరాల మీద మెల్లగా వెళ్ళింది, చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు.

వెళ్తూ వెళ్తూ నాతో, "జిగురు పని ఎక్కువగా ఉంది. మధ్యాహ్నాలు ఒక గంట వస్తావా?" అంది. నన్ను ఇంట్లోంచి బయటకు లాగడానికే అడిగిందని తెలుసు. వెళ్ళాను. ఏడాదిన్నర పైగా వెళ్ళాను. పాప మళ్ళీ మళ్ళీ తెచ్చుకున్న పుస్తకాలు అక్కడే కనిపించాయి, అవే పద్నాలుగు. పద్నాలుగు చీటీల మీద మిగతా పిల్లల పేర్ల మధ్య దాని పేరు. మొదటి చీటీలో అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయి ఉంటాయి. చివరిదానికి వచ్చేసరికి కుదురుగా ఉంటాయి. పిల్ల ఎదగడం నాకు ఇంకెక్కడా అంత స్పష్టంగా మిగల్లేదు. ఫోటోలు రెండే ఉన్నాయి మాకు.

ఒక మధ్యాహ్నం హెడ్మాస్టారు గది గుమ్మంలో వంగి నిలబడి చెప్పారు. పై నుంచి తనిఖీకి మనిషి వస్తున్నాడు. బళ్ళలో వాడకంలో లేని గదులు లెక్క తీస్తున్నారు. అలాంటివి ప్రవేశపరీక్షల కోచింగుకి ఇచ్చేస్తారు.

"మనది వాడకంలో ఉంది కద సార్" అంది ఆవిడ.

"నాకు తెలుసమ్మా. ఆయనకి తెలియాలి."

"చీటీలున్నాయి. ఒక్కొక్క దాని మీద ఇరవై ముప్పై పేర్లు. ఇంటి నోటుబుక్కులు ఉన్నాయి. రమ్మనండి."

ఇంత ధైర్యంగా ఉన్న మనిషికి అదే వారం కబురు వచ్చింది, అన్నయ్య కంటి ఆపరేషనుకి పొరుగూరి ఆసుపత్రివాళ్ళు రమ్మన్నారని. తోడుగా వాళ్ళ వదిన ఒక్కతే ఉంది. తనిఖీ గురువారం. ఆవిడ సోమవారం సాయంత్రం బయలుదేరుతూ, గురువారం పొద్దున్నే వచ్చేస్తానని చెప్పి, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

మంగళవారం మేం ఏడుగురు ఆడవాళ్ళం ఆ గదిలో చేరాం. పిలిచింది నేనే. ఆవిడ మాకోసం ఇంత చేసింది, ఆవిడ లేని సమయంలో మనం ఒక చెయ్యి వెయ్యొద్దా అన్నాను. కుట్టుమిషనావిడ, డ్రైవరు భార్య, నేను వరస కలిపి పిలిచే మూడో అంతస్తు వదిన, అందరూ చీపుళ్ళూ బకెట్లూ పట్టుకుని వచ్చారు. ముందు బూజు దులిపాం. గచ్చు కడిగాం. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

మూడో అంతస్తు వదిన ర్యాకులోంచి ఒక పుస్తకం తీసి, "అయ్యో, ఇదేంటే, దీని మీద ఎవరో అన్నం తిన్నట్టుంది!" అంది.

"మీ వాడే తిని ఉంటాడు."

"మా వాడు తింటే అట్ట కూడా మిగలదు."

అందరం నవ్వాం. నవ్వుతూనే ఒక్కొక్కటీ తీసి చూశాం. ఆఫీసరు ముందు ఇవి పెడితే ఆవిడ పరువేం కావాలి అనుకున్నాం. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే చిరిగిన దుప్పటి దాస్తాం, మంచి గ్లాసులు తీస్తాం. అంతకు మించి మాకేం తెలుసు? పాత క్యాలెండర్లు తెచ్చి, తెల్లవైపు బయటికి పెట్టి, మూడు వందల పద్దెనిమిది పుస్తకాలకి అట్టలు వేశాం. పిల్లల పెన్సిలు గీతలు రబ్బరుతో చెరిపాం. మడిచిన మూలలు ఇస్త్రీపెట్టెతో సాపు చేశాం. నూనె మరకలున్న ఇంటి నోటుబుక్కులన్నీ ఒక గోనెసంచిలో కట్టాం. చివర్లో ఆ చీటీలు కనిపించాయి, సిరా పారి, జిగురు పచ్చబడి, వంకరటింకర రాతలతో. కుట్టుమిషనావిడ కొత్త కాగితం కత్తిరించి, స్కేలు పెట్టి, ఎర్రసిరాతో గీతలు కొట్టింది. తడిగుడ్డతో నానబెట్టి పాత చీటీలు ఊడదీశాం, కొత్తవి అంటించాం. మా చేతులకి ఆ పని ఎంత చక్కగా వచ్చిందో. ఒక్క పేజీ చిరగలేదు.

పాప పేరున్న పద్నాలుగూ నేను వేరుగా తీసి కొంగున ముడివేసుకున్నాను. మిగతావి గోనెసంచిలో వేశాం. బుధవారం పొద్దున చెత్తబండి వచ్చి పట్టుకుపోయింది.

ఒక్కరికైనా తోచలేదు. ఏడుగురిలో ఒక్కరికైనా.

గురువారం ఆవిడ బస్సు ఆలస్యమైంది. ఆఫీసరు ముందే వచ్చి హెడ్మాస్టారి గదిలో కూర్చున్నాడు. ఆవిడ చేతిసంచితోనే నేరుగా మెట్ల కిందికి వచ్చింది. మేం ఏడుగురం వరండాలో వరసగా నిలబడ్డాం, మెచ్చుకుంటుందని. ఆవిడ తలుపు తీసి, లోపలికి చూసింది. గది నిండా తెల్లటి అట్టలు. ఒక పుస్తకం తీసింది. ముందు పేజీ తిప్పలేదు, నేరుగా చివరి పేజీ తీసింది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి. అప్పుడు నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం ఉంటే నేను బతికిపోయేదాన్ని.

ఈలోగా ఆఫీసరు వచ్చేశాడు. మంచి మనిషే. తల తగలకుండా వంగి లోపలికి వెళ్ళి, ర్యాకు మీద వేలు రాసి చూసుకుని, "ఎంత శుభ్రంగా పెట్టారండీ! ఇన్ని బళ్ళు తిరిగాను, ఇలాంటి గది చూడలేదు" అన్నాడు. మూడో అంతస్తు వదిన నన్ను మోచేత్తో పొడిచింది సంతోషంగా. ఆయన ఒక పుస్తకం తెరిచి, వెనక చీటీ చూశాడు. పది పుస్తకాల చీటీలు చూశాడు.

"ఒక్కటీ ఎవరికీ ఇచ్చినట్టు లేదే?"

"ఇచ్చాం సార్. ప్రతి వారం ఇస్తాం" అంది ఆవిడ.

"ఎక్కడ రాశారు?"

ఆవిడ మా వైపు చూడలేదు. "చీటీలు పాతబడితే మార్చాను సార్."

"అన్నీ ఒకేసారా? పాతవి ఏవి?"

"లేవు సార్."

"పోనీ రిజిస్టరు?"

హెడ్మాస్టారు నేల చూపులు చూశారు. వెనకనుంచి నేను, "మేమే తీసేశాం సార్, మాకు తెలియక" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. గట్టిగా మాట్లాడే అలవాటు నాకు ముందునుంచీ లేదు.

ఆఫీసరు చెడ్డవాడు కాదని చెప్పాను కదా. ఒక అవకాశం ఇద్దామనుకున్నాడు. వరండాలో పోతున్న మూడో తరగతి పిల్లని పిలిచాడు. "నువ్వు ఇక్కడ పుస్తకాలు తీసుకుంటావా?" అంటే తలూపింది. "ఏదీ, నువ్వు చదివిన పుస్తకం ఒకటి తీసి చూపించు" అన్నాడు.

ఆ పిల్ల ర్యాకు దగ్గరికి పరుగున వెళ్ళింది. ఆగిపోయింది. పైనుంచి కిందిదాకా ఒకటే తెలుపు. మూల కొరికిన పుస్తకం లేదు, టీ ఒలికిన పుస్తకం లేదు. ఒకటి తీసి, అది కాదని పెట్టేసింది. ఇంకొకటి తీసింది. వెనక్కి తిరిగి సంచుల టీచరు ముఖం చూసింది, ఆవిడ ఏమైనా చెబుతుందేమోనని. తర్వాత ఏడుపు మొదలుపెట్టింది.

"పర్లేదమ్మా, క్లాసుకి వెళ్ళు" అన్నాడు ఆఫీసరు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

పదిహేను రోజుల్లో గది కోచింగుకి ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. ఆ రోజే నేను పద్నాలుగు చీటీలూ పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. వీటి మీద పేర్లున్నాయి, తేదీలున్నాయి, ఇవి చూపిద్దాం అన్నాను. ఆవిడ ఒక్కొక్కటీ చూసింది.

"వద్దు. ఇవి ఇవ్వకు."

"ఇవ్వకపోతే గది పోతుందండీ. మీ ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ. ఆఫీసుకి వెళ్ళిన కాగితం ఇంటికి రాదు."

నేనే పట్టుబట్టాను. గది పోతే అది నావల్ల పోయినట్టు. ఆ బరువు దించుకోవాలనే నా తొందర. ఆవిడ కోసమని అనుకున్నాను గానీ, నాకోసమే. చివరికి ఆవిడే అర్జీ రాసింది, ఇద్దరం వెళ్ళి ఇచ్చాం. గుమస్తా చీటీలన్నీ దొంతరగా పెట్టి, అర్జీకి గుండుసూది గుచ్చాడు. సూది ఎక్కడ దిగిందో నేను చూడలేదు. ఆవిడ చూసింది, కళ్ళు మూసుకుంది.

జవాబు నెలకి వచ్చింది. విడి చీటీలు ఏ పుస్తకానివో నిర్ధారణ కానందున అర్జీ తిరస్కరించడమైనది. నిజమే మరి. ఏ పుస్తకానివో మేమే ఊడదీశాం.

ర్యాకులు తీసేశారు. పుస్తకాలు గోనెల్లో కట్టి హెడ్మాస్టారి మరుగుదొడ్డి పక్కన స్టోరులో పెట్టి తాళం వేశారు. మెట్ల కింద గదిలో ఇప్పుడు పెద్ద క్లాసు పిల్లలు తల వంచుకుని ప్రశ్నలకి గళ్ళు నింపుతుంటారు. గది పేరున ఉన్న పోస్టు గదితో పాటే పోయింది. గుడ్డసంచులు కొన్నాళ్ళు పిల్లల టిఫిను సంచులయ్యాయి. తర్వాత అవీ కనిపించలేదు. మూడో అంతస్తు వదిన కొడుకు మళ్ళీ సెల్‌ఫోనుకి అతుక్కుపోయాడు. మావారు పని నుంచి రాగానే స్నానం చేసి పడుకుంటున్నారు.

ఆవిడ మాత్రం ప్రతి మంగళవారం ఆ ఆఫీసుకి వెళ్ళేది. గది కోసం కాదు, పోస్టు కోసం కాదు. చీటీలు వెనక్కి ఇమ్మని. అక్కడివాళ్ళు ఆవిడకి ఒక పేరు కూడా పెట్టారు.

"వచ్చావా చీటీలమ్మా! నీ ఫైలు పైకి వెళ్ళింది, నువ్వూ పైకి వెళ్ళు."

"ఏ అంతస్తు బాబూ?" అని ఆవిడ నిజంగానే మెట్లెక్కేదట.

పై అంతస్తులో కిందికి పొమ్మనేవారు. కింద, ఆ ఫైలు వేరే ఆఫీసుకి పోయిందనేవారు. ఆ వేరే ఆఫీసుకి రెండు బస్సులు మారాలి. అక్కడికీ వెళ్ళింది. పదకొండు నెలలు తిరిగింది. నేను వద్దన్నా వినలేదు. చివరికి ఒక గుమస్తా జాలిపడి చెప్పాడు, ముగిసిన ఫైళ్ళు ఏడాదికోసారి తూకానికి వేస్తారని, అది అయిపోయిందని.

ఆ సంగతి చెప్పడానికే మా ఇంటికి వచ్చింది. టీ పెట్టి ఇచ్చాను. అత్తయ్య లోపల నిద్రపోతోంది. ఆవిడ వేళ్ళ చివర జిగురు మచ్చలు లేవు. ఇప్పుడు అన్నయ్య ఇంట్లో ఇంటిపని చేస్తోంది, ఆయనకి రెండో కన్ను కూడా మందగించింది. ఇంట్లో ఏమైనా చదువుతున్నారా అని అడిగాను. "పుస్తకం తెరిస్తే చెయ్యి చివరి పేజీకే పోతోంది" అంది.

ఇన్నాళ్ళుగా లోపల కుక్కుకున్నది బయటపడింది. "నన్ను ఒక్కసారి తిట్టండి. ఒక్క మాటైనా అనండి" అన్నాను.

"ఏమని తిట్టను? ఇంటికి ఎవరైనా వస్తుంటే సర్దుకోమా? నేను ఊళ్ళో ఉన్నా సర్దేదాన్నే."

టీ సగం తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"లేదులే. నీకు అబద్ధం చెప్పడం ఎందుకు" అంది. "నేనుంటే ఆ చీటీల మీద చెయ్యి వెయ్యనిచ్చేదాన్ని కాదు."

లేచి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. అది జరిగి ఎనిమిది నెలలు. ఆవిడ మళ్ళీ రాలేదు, నేనూ వెళ్ళలేదు. వాళ్ళ ఇల్లు మా ఇంటికి నాలుగు వీధుల అవతలే.